అసలుది ముట్టుకోకు

ఆ స్టూడియోలోకి వెలుతురు ఒక్క పక్క నుంచే వచ్చేది. వీధి వైపు గాజు తలుపు, పక్కనే నిలువు కిటికీ. అక్కణ్ణుంచి లోపలికి నడిచేకొద్దీ గది మెల్లగా నీరెండలోంచి నీడలోకి, నీడలోంచి చీకట్లోకి జారిపోయేది. చివర్న ఒకప్పటి డార్క్‌రూము. ఇప్పుడందులో పాత ట్రైపాడ్‌లూ, వెనక వేలాడదీసే నీలం తెరలూ, కాలు విరిగిన స్టూళ్లూ కాపురం ఉంటున్నాయి. వెలుగుకీ చీకటికీ మధ్య, ఎటూ చెందని చోట, ఒక బల్ల. టచప్ అక్క బతుకంతా ఆ బల్ల దగ్గరే గడిచింది.

ఆ పేరు పెట్టిందెవరో ఎవరికీ తెలీదు. వీధి వీధంతా అలాగే పిలిచేది. మొటిమలు మాయం చేయాలన్నా, రెప్ప పడిన కళ్లు తెరిపించాలన్నా, చిరిగిపోయిన తాతగారి భుజాన్ని తిరిగి అతికించాలన్నా టచప్ అక్కే. "ఆవిడ చెయ్యి పడితే కాకి కూడా హంసైపోతుంది" అని చెప్పుకునేవారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఫోటో తెరవగానే ఆమె కళ్లు మొహాన్ని చూసేవి కావు. ముందు లోపాన్ని చూసేవి. ఆ తర్వాత చెయ్యి దానంతటది కదిలేది, నిద్రలో దుప్పటి సర్దుకున్నట్టు.

అన్నయ్య స్టూడియో తెరిచిన రోజుల్లో ఆమెకింకా రెండు జడలు. సూదిమొనలా చెక్కిన పెన్సిల్‌తో నెగెటివ్ మీద నలుసంత నలుపు పెడితే ప్రింటులో అక్కడ తెలుపవుతుందని అన్నయ్యే నేర్పాడు. ఆమె మొట్టమొదట దిద్దింది తన మొహాన్నే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి బుగ్గల మీద మిగిల్చిపోయిన గుంటలన్నీ ఒక్క మధ్యాహ్నంలో పూడ్చేయాలనుకుంది. ఆత్రంలో పెన్సిల్ మరీ నొక్కింది. నెగెటివ్ మీది పూత పొరలా లేచిపోయి, బుగ్గ ఉండాల్సిన చోట ఖాళీ మిగిలింది.

అన్నయ్య తిట్టలేదు. నెగెటివ్‌ని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఇక నీ మచ్చలు ఎక్కడా లేవే చెల్లీ. రేపెవరైనా వాటి కోసం వస్తే ఏం చూపిస్తాం?"

"మచ్చల కోసం ఎవరొస్తారు అన్నయ్యా, పని లేకపోతే గానీ!"

"వస్తారు" అన్నాడు. "అసలుది ముట్టుకోకు. నకలు తీసుకో. దాని మీద నీ ఇష్టం, మూతికి మీసాలు పెట్టుకున్నా అడగను."

అదే ఆ స్టూడియో చట్టమైంది. పెన్సిల్ పోయి కుంచె వచ్చింది, కుంచె పోయి కంప్యూటరు వచ్చింది. చట్టం మాత్రం మారలేదు. అసలు ఫోటో ఒక చోట, దిద్దిన నకలు ఇంకో పేరుతో ఇంకో చోట.

ఒక వానాకాలం పైకప్పు కింది గొట్టం పగిలి, కింది అరల్లోని నెగెటివ్‌లన్నీ తడిసి అట్టలు కట్టాయి. అదృష్టం ఏమిటంటే అప్పటికే అన్నయ్య వాటినన్నిటినీ ఓపిగ్గా స్కాను చేసి ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించాడు. ఆ రోజు నుంచి ఆ వీధి మొహాలన్నీ అరచేతిలో పట్టేంత నల్ల డబ్బాలో నివసించాయి. పుట్టిన పాపలు, పోయిన ముసలివాళ్లు, పెళ్లినాడు నవ్వడం మరిచిపోయిన జంటలు, అందరూ.

ఎక్కడో ఎవరో స్టూడియో ఫోటోలు దొంగిలించి ఆడపిల్లల మొహాలతో పాడు పనులు చేశారని విన్న నాడు అన్నయ్య ఆ డిస్కుకు తాళం వేశాడు. "మొహాలు మనవి కావు. దాచమని ఇచ్చారు, అంతే" అన్నాడు. ఆ తాళం మాట మనిషన్నవాడు గుర్తుపెట్టుకోలేనంత పొడుగు. దాన్నీ, మిగతా పాస్‌వర్డులన్నిటినీ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాములో పెట్టాడు. ఆ ప్రోగ్రాము వాటిని దాచే ఫైలుని ఆయన 'పెట్టె' అనేవాడు. పెట్టె తెరవడానికి మాత్రం అన్నాచెల్లెళ్లిద్దరికీ తెలిసిన చిన్న మాట ఒకటి పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా: అసలుది ముట్టుకోకు.

"రోజూ టైపు చేస్తే అయినా బుర్రకెక్కుతుంది" అని నవ్వాడు.

ఆమె ప్రతి ఉదయం టైపు చేసేది. వేళ్లు అలవాటు పడ్డాక మాట మాటలా కనిపించడం మానేస్తుంది. తలుపు గొళ్లెం తీసినట్టుండేది, అంతే.

స్టూడియోలో మూడో మనిషి వదిన. ప్రింట్లు కత్తిరించడం, కవర్లలో పెట్టడం, వచ్చినవాళ్లని కూర్చోబెట్టి జుట్టు సర్దించడం ఆవిడ పని. ఫోటోగ్రాఫరుతో అన్నేళ్లు కాపురం చేసి కూడా కెమెరా చేత్తో పట్టుకోలేదు. ఒక్కసారి తప్ప.

అదొక ఖాళీ మధ్యాహ్నం. గిరాకీ లేదు. ఎండ గాజు తలుపు దాటి నేల మీద పిల్లిలా పడుకుని ఉంది. వదిన ఉన్నట్టుండి కెమెరా అందుకుంది.

"నిలబడండి. ఊరందరికీ మీరు తీస్తారు, మీకెవరు తీస్తారు?"

"చేతులు వణకనీకు."

"మీ నోరు కదలనీకండి ముందు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో ఆవిడ నొక్కేసింది. ఫోటో కంప్యూటర్లో చూసుకుంటే ఎడమ కన్ను సగం మూసి ఉంది, చొక్కా కాలరు ఒక పక్క మడత పడింది, మొత్తం బొమ్మ ఎడమకి ఒరిగి వెనక స్తంభం ఆయన నెత్తిన పడబోతున్నట్టుంది. కింది మూలలో బూడిద రంగు మసక. అది వదిన వేలు.

"వదినా, స్టూడియో కూలిపోతోంది, పరిగెత్తు" అంది టచప్ అక్క. పొట్ట పట్టుకుని నవ్వారు అన్నాచెల్లెళ్లు. వదిన మూతి ముడుచుకుని కత్తెర అందుకుంది. అన్నయ్య నవ్వు ఆపుకుని, కెమెరాలోంచి ఆ బుల్లి కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నువ్వు తీసిన మొదటి ఫోటో. నీ దగ్గరే ఉంచుకో, పారేయకు. ఎప్పుడైనా అవసరం పడుతుంది."

పెళ్లాన్ని ఊరడిస్తున్నాడనుకుంది చెల్లెలు. ఆ తర్వాత ఆ సంగతి అందరూ మరిచిపోయారు.

అన్నయ్య ఒక వేకువన పోయాడు. ఛాతీలో బరువుగా ఉందని లేచి కూర్చున్నవాడు మళ్లీ పడుకోలేదు. స్టూడియో మూతపడింది. షట్టరు కిందికి దించితే లోపల చీకటి ఎంతుంటుందో ఆ రోజుల్లోనే ఆమెకు తెలిసింది.

గోడకి పెట్టడానికి అన్నయ్య ఫోటో కావాల్సి వచ్చింది. వెతికితే ఆశ్చర్యం, వేలమందిని తీసినవాడికి తన బొమ్మంటూ లేదు. గుంపులో ఎక్కడో భుజం, అద్దంలో ఎక్కడో కెమెరా పట్టుకున్న చేయి. చివరికి కంప్యూటరు వెనక ఎప్పుడూ గుచ్చి ఉండే పెన్‌డ్రైవులో ఒకే ఒక ఫోటో దొరికింది. వంకర ఫోటో. నవ్వుతున్న అన్నయ్య.

ఆమె దాన్ని తెరిచింది. చెయ్యి కదిలింది.

ముందు ఒరిగిన బొమ్మని నిటారుగా నిలబెట్టింది. మూలనున్న వేలి మసకని కత్తిరించేసింది. మడతపడ్డ కాలరుని చదును చేసింది. తెరిచి ఉన్న కుడి కంటినే తిప్పి అరువిచ్చి ఎడమ కంటిని పూర్తిగా తెరిచింది. కళ్ల కింద నలుపు తీసేసింది. చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు తీసేసింది. ఛాతీలో బరువు తీసేయగలిగితే అదీ తీసేసేది. చివర్న కంప్యూటరు అడిగింది, ఉన్నదాని మీదే రాసేయనా అని. రాసేయమంది.

అన్నేళ్లలో ఎప్పుడూ తప్పని చెయ్యి ఆ ఒక్కసారి తప్పింది. నకలు అన్న మాటే ఆమెకు తోచలేదు. దుఃఖంలో ఉన్నవాళ్లకి ఒకే బొమ్మ కనిపిస్తుంది.

ఫ్రేము కట్టించి గోడకి పెట్టారు. చూసినవాళ్లంతా "అబ్బ, మనిషి ఎదురుగా నిలబడ్డట్టున్నాడు" అన్నారు. వదిన ఏమీ అనలేదు. మర్నాడు తన కుర్చీని మెల్లగా జరుపుకుని, ఆ గోడకి వీపు పెట్టుకుని కూర్చుంది. ఏడుపు రాకుండా అలా కూర్చుందనుకుంది ఆడపడుచు.

*

స్టూడియో మళ్లీ తెరిచేసరికి పాత కంప్యూటరు మూలుగుతోంది. లోపలి ఫ్యాను పిండిమరలా అరుస్తోంది. కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించారు. మిషను పక్కకి చెవి ఆనించి వినే అలవాటు వల్ల వీధిలో అతనికి డాక్టరని పేరు. చెవి ఆనించి, తల అడ్డంగా ఊపాడు.

"అక్కా, దీనికింకా వైద్యం చేస్తే నాకు పాపం తగుల్తుంది."

"అంతేనంటావా?"

"డిస్కు వేరేగా ఉంది కాబట్టి మీ ఫోటోలకి భయం లేదు. కొత్త మిషను పెట్టుకోండి. కాకపోతే మీ అన్నయ్య వాడిన పాస్‌వర్డుల ప్రోగ్రాము కొత్తదాంట్లో నడవదు. దానికి తోడబుట్టినట్టుండే ప్రోగ్రాము ఇంకోటుంది. చేసినవాళ్లు వేరు, కానీ అదే పెట్టెని అదీ తెరుస్తుంది. పెట్టె మారదు, తెరిచే చెయ్యి మారుతుంది. అంతే."

వదిన కత్తెర ఆపకుండానే అంది. "పాత చెయ్యి బాగానే తెరిచేది కదా నాయనా. కొత్తొక వింత, పాతొక రోత."

"పాత చెయ్యికి పక్షవాతం వచ్చిందమ్మా, నేనేం చెయ్యను?"

ఆ మాటకి వదిన కూడా పెదవి బిగబట్టుకుంది, నవ్వు రాకుండా.

కొత్త మిషను వచ్చిన నాడే బస్సు డ్రైవరు కూడా వచ్చాడు. ఖాకీ చొక్కా, చంకలో టిఫిను డబ్బా. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడ్డాడు, చెప్పులు విప్పాలా వద్దా అన్న సందేహంతో.

"అమ్మా, నేనూ నా భార్యా ఒకప్పుడు ఇక్కడే ఫోటో తీయించుకున్నాం. ఇల్లు మారేటప్పుడు అది ఎక్కడో పోయింది. మీ దగ్గరుంటుందా?"

"ఉంటుందన్నా. ఇక్కడ తీసినవి ఎక్కడికీ పోవు" అంది టచప్ అక్క. "ఆవిడ్ని కూడా తీసుకురాలేకపోయావా? కొత్తది తీసేవాళ్లం."

ఆయన టిఫిను డబ్బాని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"లేదమ్మా. పోయింది. జ్వరమొచ్చి." "పాప చిన్నది. మొన్న అడిగింది, అమ్మ ముక్కు ఎలా ఉండేది నాన్నా అని. చెప్పడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. బండి నడుపుతూ కూడా అదే ఆలోచన. ముక్కు గుర్తు రావట్లేదు."

టచప్ అక్క కుర్చీ చూపించింది. "కూర్చో. ఇప్పుడే తీసిస్తాను."

డాక్టరు కొత్త ప్రోగ్రాము పెట్టాడు. పెట్టెని తెచ్చి ముందుంచాడు. ఆమె రోజూ టైపు చేసే మాట టైపు చేసింది.

తెరుచుకోలేదు.

ఇంకోసారి, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ. తెరుచుకోలేదు.

"చూశావా!" అంది వదిన.

డాక్టరు పాత మిషను దగ్గరికి వెళ్లి, దాని ఆఖరి ఊపిరితో కాసేపు మాట్లాడాడు. "ఓహో. అదీ సంగతి. అక్కా, ఈ పెట్టెకి మాట ఒక్కటే చాలదు. తాళంచెవి కూడా పెట్టారు మీ అన్నయ్య. ఒక ఫైలు. మాటా, ఆ ఫైలూ రెండూ ఉంటేనే తెరుచుకుంటుంది. పాత ప్రోగ్రాము ఆ ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, మీరు మాట చెప్పగానే అదే తెచ్చుకునేది. అందుకే మీకు తెలీలేదు."

"ఏ ఫైలు?"

"పెన్‌డ్రైవులో ఉన్న ఫోటో."

పెన్‌డ్రైవుని కొత్త మిషనుకి గుచ్చి, ఫోటో చూపించి, మళ్లీ మాట టైపు చేశారు. తెరుచుకోలేదు. తిరిగి పాత మిషనుకే గుచ్చి పాత ప్రోగ్రాములోనే ప్రయత్నించారు. అన్నయ్య బతికున్నన్నాళ్లూ ప్రతి ఉదయం విచ్చుకున్న పెట్టె, అదే మిషనులో, అదే మాటకి, మొహం తిప్పుకుంది.

వదిన ఇక ఆగలేదు. "బాగున్నదాన్ని కదిపారు. ఇప్పుడు అదీ పోయింది ఇదీ పోయింది. ఆయన పోతే పోయాడు, ఆయన దాచినవన్నా మిగిల్చారు కాదు."

"ఆడలేక మద్దెల ఓడనకండమ్మా. పాతదాంట్లో కూడా తెరుచుకోలేదంటే తప్పు కొత్త ప్రోగ్రాముది కాదు." డాక్టరు మొహంలో వేళాకోళం పోయింది. "తాళంచెవి మారింది. ఆ ఫోటోలో ఒక్క చుక్క మారినా, ఆవగింజంత రంగు మారినా అది తాళంచెవి కాకుండా పోతుంది. చూసేవాళ్లకి ఒకటే మొహం. పెట్టెకి మాత్రం వేరే మనిషి. అక్కా, ఆ ఫోటోని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు" అంది టచప్ అక్క.

అబద్ధం చెబుతున్నానని ఆమెకు తెలీదు. ముట్టుకోవడమంటే ఆమె లెక్కలో పాడుచేయడం. తాను చేసింది ముట్టుకోవడం కాదు, బాగుచేయడం.

ఆ మాట అని తల తిప్పింది. గోడ మీద అన్నయ్య. నిటారుగా, రెండు కళ్లూ సమంగా తెరిచి, మడతలేని కాలరుతో, ఒక్క తెల్లవెంట్రుకైనా లేకుండా. ఆయన నవ్వు కూడా అక్కడే ఉంది. కానీ ఎవరిని చూసి నవ్వాడో ఆ మనిషి వేలు మాత్రం మూలన లేదు.

ఉన్నదాని మీదే రాసేయమన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

*

డ్రైవరుని రేపు రమ్మన్నారు. "అలాగేనమ్మా, తొందరేం లేదు" అన్నాడు. ఉన్న తొందరంతా ఆ మాటలో వినిపించింది.

డాక్టరు చేయగలిగినవన్నీ చేశాడు. పెన్‌డ్రైవులో చెరిగిపోయిన వాటిని వెలికితీసే ప్రోగ్రాము నడిపాడు. పాత ఫోటో మీదే కొత్తది కూర్చుంది, అడుగున ఏమీ మిగల్లేదు. వదిన ఫోటో తీసిన రోజు తాను నవ్వుకుంటూ ఆ వంకర ఫోటోని ఫోన్లో ఒక పినతండ్రికి పంపిన సంగతి టచప్ అక్కకి గుర్తొచ్చింది. ఫోను చేసి తెప్పించింది. ప్రయత్నించారు. తెరుచుకోలేదు.

"ఫోన్లో పంపితే ఫోటోని పిండి చిన్నది చేస్తుందక్కా. బట్ట ఉతికితే కుంచించుకున్నట్టు. ఇది కూడా అసలుది కాదు." బ్యాగు సర్దుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "అన్నయ్య ఎక్కడైనా ఇంకోటి దాచారేమో. అంత జాగ్రత్త మనిషి ఒక్క తాళంచెవే చేయించడు."

అప్పుడు ఆమెకు ఆ ఖాళీ మధ్యాహ్నం గుర్తొచ్చింది. నేల మీద పిల్లిలా పడుకున్న ఎండ. అరచేతిలో పెట్టిన బుల్లి కార్డు. పారేయకు.

అడగాలి. అడగాలంటే ముందు చెప్పాలి.

వదిన వెనక గదిలో ప్రింట్లు ఆరబెట్టే తీగకి క్లిప్పులు పెడుతోంది. ఆరబెట్టడానికి ప్రింట్లేమీ లేవు. ఉత్తి తీగకి క్లిప్పులు వరసగా పెడుతోంది.

"వదినా."

"ఊఁ."

"ఆ ఫోటోని నేనే దిద్దాను. గోడకి పెట్టడానికి. దిద్ది దాని మీదే సేవ్ చేశాను. నకలు తీయలేదు. పెట్టె తెరుచుకోకపోవడానికి కొత్త మిషను కారణం కాదు. నేనే."

వదిన చేతిలో క్లిప్పు కాసేపు తెరిచే ఉంది.

"నాకు తెలుసు" అంది.

"తెలుసా?"

"పెట్టె సంగతి కాదు. ఫోటో సంగతి. గోడకెక్కిన రోజే తెలిసింది." వదిన ఇటు తిరిగింది. కళ్లు పొడిగా ఉన్నాయి. "ఆయనకి ఎడమ కన్ను అలా సగం పడేది. నన్ను చూసి నవ్వినప్పుడే పడేది. మీలో ఎవరిని చూసి నవ్వినా పడేది కాదు. నువ్వు దాన్ని తెరిచావు. నా వేలు కోసేశావు. మహా చక్కగా నిలబెట్టావు. అమ్మాయ్, నువ్వు దిద్దింది ఆయన్ని కాదు. నన్ను."

టచప్ అక్క ఆవిడ మొహంలోకి చూసింది. ఎన్ని మొహాల్లో లోపాలు వెతికింది ఆమె! ఈ మొహంలోకి ఇన్నేళ్లలో ఒక్కసారైనా చూసిందా?

"అప్పుడే ఎందుకనలేదు వదినా?"

"ఏమని అనను? ఊరంతా బాగుందంటుంటే, నాకు వంకరదే కావాలనా? పిచ్చిదంటారు."

వదిన చేతిలోని క్లిప్పుని ఆ ఉత్తి తీగకి పెట్టింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఆ కార్డు..." అని ఆగింది టచప్ అక్క.

వదిన ఆమె మొహంలోకి, తర్వాత ఆమె చేతుల్లోకి చూసింది. అది చూపు కాదు, తూకం.

"ఉంది. కానీ నీ చేతికివ్వను."

*

మర్నాడు పొద్దున్నే డాక్టరు వచ్చాడు. వదిన నగలపెట్టెలోంచి, కమ్మల అడుగు నుంచి, దూదిలో చుట్టిన కార్డు తీసింది. టచప్ అక్క ముందుకు రాబోయింది.

"నువ్వు చేతులు కట్టుకుని కూర్చో" అంది వదిన. "మౌసు వైపు చూడను కూడా చూడకు."

ఆమె నిజంగానే చేతులు కట్టుకుంది, బడిలో తప్పు చేసిన పిల్లలా.

డాక్టరు కార్డుని వెలుతురులో తిప్పి చూసి, "అబ్బో" అన్నాడు. పక్కన గోరంత మీట కిందికి దించి ఉంది. అలా దించితే ఇక అందులోవి చూడ్డమే తప్ప మార్చడం కుదరదు. "ఇది దానంతటది జారదమ్మా. ఎవరో కావాలనే దించారు."

"నేను దూదిలో చుట్టానంతే" అంది వదిన.

అన్నయ్య ఆ రోజు ఆవిడ అరచేతిలో పెట్టింది కానుకో, మారు తాళంచెవో అడగడానికి ఆయన లేడు. రెండూ ఒకటే అయ్యుండొచ్చు. కొందరికి ప్రేమ జాగ్రత్తలాగే ఉంటుంది.

కార్డు లోపలికి వెళ్లింది. తెర మీద ఫోటో తేలింది. ఒరిగిన స్తంభం. మడతపడ్డ కాలరు. సగం మూసిన కన్ను. మూలన బూడిద రంగు వేలు. వదిన చిన్నగా ఊపిరి తీసుకుంది, చాలా దూరం నడిచొచ్చిన మనిషి గడప మీద కూర్చున్నట్టు.

"ఇప్పుడు మాట టైపు చేయండక్కా" అన్నాడు డాక్టరు.

టచప్ అక్క వదిన వైపు చూసింది. వదిన తల ఊపింది. కట్టుకున్న చేతులు విప్పి, ఒక్కో అక్షరం నొక్కింది. అన్నేళ్లలో మొదటిసారి, నొక్కుతున్నదేమిటో ఆమెకు వినిపించింది. అసలుది. ముట్టుకోకు. అన్నయ్య గొంతుతో.

ఎంటర్.

కొత్త ప్రోగ్రాము, ఎవరో ఎక్కడో రాసిన ప్రోగ్రాము, అన్నయ్య మొహం ఎన్నడూ చూడని ప్రోగ్రాము, ఒక్క క్షణం ఆలోచించి పెట్టెని తెరిచింది. లోపల అన్నీ ఆయన పెట్టినచోటే ఉన్నాయి. మనిషి పోయాక కూడా మడత నలగని బట్టల్లా. హార్డ్ డిస్కు అన్న పేరు పక్కన ఆ పొడుగాటి మాట. దాన్ని తీసుకెళ్లి డిస్కుకి చూపించగానే వీధి వీధంతా కళ్లు తెరిచింది.

"చెయ్యి మారినా పెట్టె మారదని చెప్పానా?" అన్నాడు డాక్టరు. గొంతు మాత్రం గీర పోలేకపోయింది. అతని చిన్నప్పటి ఫోటో కూడా అందులోనే ఉంది. వెళ్లేముందు ఆ వంకర ఫోటోకి మక్కీకి మక్కీ నకళ్లు తీసి, ఒకటి వదిన బీరువాకీ ఒకటి బ్యాంకు లాకరుకీ అని చెప్పి ఇచ్చాడు. రెండిటినీ వదినకే ఇచ్చాడు.

డ్రైవరు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన భార్య తెర మీద ఎదురుచూస్తోంది. కాస్త ఎత్తు పళ్లు, పక్కకి చూస్తున్న చూపు. ముక్కు కొద్దిగా వెడల్పు, కొన మీద చిన్న పుట్టుమచ్చ. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. చాలాసేపటికి తన ముక్కు కొనని వేలితో తాకి చూసుకున్నాడు.

"మచ్చ" అన్నాడు. "మచ్చుండేది. మర్చిపోయాను."

టచప్ అక్క చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"ఇలాగే ప్రింటు తీయనా అన్నా?"

"పాపకి ఇలాగే తీయండి." కొంచెం సిగ్గుపడ్డాడు. "ఇంకోటి మాత్రం మచ్చ తీసేసి ఇవ్వండమ్మా. ఆ ఫోటో చూసుకున్నప్పుడల్లా దాన్ని తిట్టుకునేది. తీయించి పెట్టండి, తీయించి పెట్టండి అని నా ప్రాణం తోడేసింది. ఇవాళ తీయించానని చెప్పుకోవాలి."

ఆమె ఫోటోకి నకలు తీసింది. నకలుకి వేరే పేరు పెట్టింది. అసలుదాన్ని మూసేసి, మూసుకుందో లేదో రెండోసారి చూసుకుని, అప్పుడు కుంచె అందుకుంది. ఆ మచ్చని తీస్తున్నప్పుడు ఆమె చెయ్యి నెమ్మదించింది. లోపాన్ని తీసేస్తున్నట్టు లేదు. ఒక ఆడమనిషి అడిగిన చిన్న కోరిక తీరుస్తున్నట్టుంది.

ప్రింట్లు ఆరేదాకా డ్రైవరు గోడల మీది ఫోటోలు చూస్తూ తిరిగాడు. అన్నయ్య ఫ్రేము దగ్గర ఆగాడు. ఆ ఉదయమే అందులో ఫోటో మారింది. ఆయన తల వంచి చూసి, బస్సు అద్దం సర్దే చేత్తో ఫ్రేముని కొంచెం కుడికి జరిపాడు. వెనక్కి వచ్చి చూసి, మళ్లీ కొంచెం జరిపాడు. ఎంత జరిపినా స్తంభం నిలబడలేదు.

"ఫ్రేము వంకరగా పెట్టారమ్మా."

"ఫ్రేము తిన్నగానే ఉంది బాబూ" అంది వదిన కత్తెర ఆపకుండా. "వంకర నా చేతిది. దాన్ని ముట్టుకోకు."

ఆయన తెల్లబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టచప్ అక్క తల ఎత్తలేదు గానీ, వదిన కుర్చీ ఎటు తిరిగి ఉందో ఆమెకు తెలుసు. పొద్దుట ఫ్రేము ఎక్కించగానే ఆ కుర్చీ నేల మీద బరబరా గీసుకుంటూ గోడ వైపు తిరిగిన చప్పుడు ఆమె విన్నది.